పక్క సాలు సాక్షులు

1986 నవంబరు 11, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. చిలకలూరిపేటకి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని బోడపాలెంలో, వెంకటనారాయణ పత్తి చేలో పురుగుమందు కొడుతున్న యేసుపాదం సాలు మధ్యలో పడిపోయాడు. వయసు ముప్పై నాలుగు. వీపున స్ప్రేయరు ట్యాంకు అలాగే ఉంది. ట్యాంకులో సగం మందు మిగిలి ఉంది.

అప్పుడు జయకుమారి ఆ చేను గట్టు మీద నడుస్తోంది. ఆమెది అదే ఊళ్ళో క్రైస్తవుల పల్లె. ఇంటర్ పాసైంది. హైదరాబాదు సంస్థ ఒకటి పత్తి ఊళ్ళలో మందు కొట్టే కూలీల ఆరోగ్యం మీద సర్వే చేయిస్తోంది. ఇల్లిల్లూ తిరిగి ఆ సర్వే ఫారాలు నింపడం ఆమె ఉద్యోగం. చేరి ఏడు నెలలైంది.

ఆమె సంచీ గట్టు మీద పడేసి చేలోకి పరిగెత్తింది. పక్క సాళ్ళ కూలీలు ట్యాంకు పట్టీలు కోసి యేసుపాదాన్ని వెల్లకిలా తిప్పారు. నోట్లోంచి నురగ వస్తోంది. ట్రైనింగులో నేర్పినట్టు ఆమె టార్చి వేసి కళ్ళు చూసింది. నల్లగుడ్డులో పాప సూదిమొనంత ఉంది. ఒంట్లోకి మందు ఎక్కిందనడానికి గుర్తది.

ట్రాక్టరు చేను పక్కనే ఉంది. ఆసామిని అడగందే తీయనన్నాడు డ్రైవరు. అడిగి రావడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. అయిదూ పదికి చిలకలూరిపేట ఆసుపత్రికి చేరారు. దారిలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ట్రాక్టరు కంటే ముందే వెంకటనారాయణ మోటారు సైకిలు మీద ఆసుపత్రికి వచ్చి కూర్చున్నాడు. కానిస్టేబులు ఆయన చెప్పింది రాసుకున్నాడు. భార్యతో గొడవపడి పురుగుమందు తాగాడు, అని.

మర్నాడు పదకొండింటికి సమాధి చేశారు. మట్టి వేసి వచ్చినవాళ్ళు ఇళ్ళకి పోకుండా చర్చి ముందు నిలబడ్డారు. ముస్లింల వీధి నుంచి కూడా జనం వచ్చారు. మందు కొట్టే కూలీల ముఠాలో రెండు వీధుల వాళ్ళూ ఉన్నారు. ముఠా మేస్త్రి నాగూర్ వలి. నలభై ఏళ్ళవాడు. అతనితో, యేసుపాదంతో కలిపి ముఠాలో పదిహేనుమంది.

"ఎవడు చూశాడంట ఆయన తాగింది?" అంది యేసుపాదం భార్య ఎలీసమ్మ. "గొడవంట! గొడవపడటానికి మనిషి ఇంటికాడ ఉంటేగా? చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు."

"నా పక్క సాల్లోనే ఉన్నాడమ్మా," అన్నాడు నాగూర్ వలి. "ఒక్క చుక్క నోట పోసుకోలా. వారం నుంచీ కళ్ళు మసగ్గా ఉన్నాయంటానే ఉన్నాడు. సాలు కనపడక నా సాల్లోకి వచ్చేవాడు. ఎదవ జోకులేస్తున్నాడనుకుని తిట్టా."

"ఇవ్వాళ ఎవడూ ట్యాంకెత్తొద్దు," అని వెనక నుంచి ఒకరన్నారు. "తాగి చచ్చాడన్న కాయితం మార్చేదాకా ఎత్తొద్దు."

సరేనన్నారు. అంతలో వెంకటనారాయణ వచ్చాడు. యాభై ఎకరాల పత్తి ఆయనది. ఊళ్ళో పురుగుమందుల కొట్టు కూడా ఆయనదే. బండి ఆపాడు గాని దిగలేదు.

"ఏరా వలీ, తెల్లదోమ ఎకరాలకెకరాలు తినేస్తంటే ఇక్కడ మీటింగు పెట్టావా?"

"మనిషి పోయాడండి."

"పోయాడు. నాకు మాత్రం బాధ లేదా? తాగినోడికి నేనేం చేసేది?"

"తాగలేదండి. మందు కొట్టే పోయాడు. ముఠాలో అందరికీ జబ్బే. రాత్రిళ్ళు వాంతులు, చేతుల వణుకు."

"ఎవడు చెప్పాడ్రా జబ్బని? డాక్టరా నువ్వు?" వెంకటనారాయణ గుంపులో వెతికి జయకుమారిని చూపించాడు. "అదుగో, మీ పిల్లే. ఆర్నెల్లు ఊరంతా తిరిగి రాసింది. మా ఇంట్లో కూర్చునే మొన్న వాళ్ళ సూపర్‌వైజరు చెప్పాడు. బోడపాలెంలో మందు వల్ల జబ్బు చేసినవాడు ఒక్కడు లేడంట. సున్నా అంట. హైదరాబాదు వాళ్ళ లెక్క అది. అడుగు."

బండి వెళ్ళిపోయింది. జనం జయకుమారి వైపు తిరిగారు.

"నువ్వు చెప్పమ్మాయ్," అంది ఎలీసమ్మ. "మూడుసార్లు మా గడపలోకి వచ్చావు. ఆయనకి గ్లాసు పట్టుకోవడం రావట్లేదని చెప్పాను గదా నీకు. రాశావు గదా?"

"రాయలేదు పిన్నీ."

"ఏం రాశావు?"

"లేరు అని రాశాను."

ఫారం ఎలా నడుస్తుందో తెలియకపోతే ఇక్కడ ఏం జరిగిందో అర్థం కాదు. ఊళ్ళో మందు కొట్టే కూలీల పేర్లు నూట ఎనభై ముందే జాబితాలో ఉన్నాయి. ఒక్కో పేరుకి ఒక్కో నంబరు, ఊళ్ళన్నిటికీ కలిపి వరసగా. కార్యకర్త ఆ మనిషి ఇంటికి వెళ్ళాలి. జవాబులు ఆ మనిషే తన నోటితో చెప్పాలి, భార్య చెబితే చెల్లదు. మనిషి దొరక్కపోతే వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వెళ్ళాలి. అప్పటికీ దొరక్కపోతే 'లేరు' అని రాసి, అతని బదులు పక్కింట్లో మగమనిషి ఎవరుంటే వారి జవాబులతో ఫారం నింపాలి. మొదటి ప్రశ్న, గడిచిన ఏడు రోజుల్లో మందు కొట్టారా అని. లేదంటే మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు.

మందు కొట్టేవాడు పొద్దున ఆరింటికి చేలో ఉంటాడు. కార్యకర్తలు పదింటి బస్సుకి వచ్చి అయిదింటి బస్సుకి పోతారు. ఆ వేళల్లో ఇంటి దగ్గర దొరికేది కొట్టు షావుకారు, మాస్టరు, వృద్ధుడు. జబ్బుపడి మంచం మీద ఉన్న కూలీ కూడా దొరుకుతాడు. కాని అతను వారం నుంచీ మందు కొట్టలేదు. అతన్ని రెండో ప్రశ్న అడగరు.

ఇంకొకటి ఉంది. రోజుకి పన్నెండు ఇళ్ళు పూర్తి చేయాలని సూపర్‌వైజరు కోటిలింగం నోటిమాటగా చెప్పాడు. మూడు వేర్వేరు రోజులు తిరిగితే పన్నెండు కావు. అందుకని కార్యకర్తలు మూడుసార్లూ ఒక్కరోజే తిరిగారు. పదిన్నరకి, ఒంటిగంటకి, నాలుగింటికి. ఫారంలో మాత్రం మూడు తేదీలు వేశారు. జయకుమారి కూడా అలాగే వేసింది. బోడపాలెంలో నూట ఎనభైకి నూట అరవై మూడు 'లేరు'.

వాళ్ళు ఎక్కడున్నారో ఆమెకి తెలుసు. పుట్టి పెరిగిన ఊరు. ఆగస్టులో ఒకరోజు గట్టు మీద యేసుపాదమే ఆమెని ఆపాడు. "మా ఇంటి చుట్టూ ఎందుకే తిరుగుతావు? ఇక్కడే ఉన్నాగా, రాసుకో," అన్నాడు. "ఇంటికాడే రాయాలి బాబాయ్, రూలు," అంది ఆమె. "ఇంటికాడ కూర్చునేటోడికి జబ్బెందుకొస్తది?" అని నవ్వి, ట్యాంకు ఎత్తుకుని చేలోకి దిగాడు.

ఇదంతా జయకుమారి చర్చి ముందు నిలబడి చెప్పింది. ఆగస్టు మాట కూడా చెప్పింది. అయిపోయాక ఎలీసమ్మ అంది.

"ఇప్పుడు మార్చి రాయి."

"తప్పు తేదీలు వేశానని ఒప్పుకోవాలి పిన్నీ. ఉద్యోగం పోద్ది. కేసు కూడా పెడతారు."

"నా మొగుడు తాగి చచ్చాడన్న కాయితం మాత్రం ఉండాలి."

ఆ పూట పల్లెలో ఎవరూ జయకుమారితో మాట్లాడలేదు.

గురువారం ముఠా మళ్ళీ చేలోకి వెళ్ళింది. రెండోరోజు పని మానడానికి ఇళ్ళలో గింజలు లేవు. ట్యాంకు ఎత్తనన్నవాళ్ళకి మిరప కోతల పని కూడా ఉండదని వెంకటనారాయణ కబురు పంపాడు.

శుక్రవారం చిలకలూరిపేట సర్వే ఆఫీసులో కార్యకర్తలందరూ కలిశారు. పత్తి బ్రోకరు కొట్టు పైన రెండు గదుల ఆఫీసు అది. పదకొండుమంది. కోటిలింగం ఫారాలని ఊరి వారీగా కట్టలు కట్టించాడు. ఒక్కో కట్ట మీదా అచ్చువేసిన ధ్రువపత్రం పెట్టాడు.

"సోమవారం హైదరాబాదు నుంచి డాక్టరుగారు వస్తున్నారు. ఆయన ముందు సంతకాలు పెట్టండి. కట్టలు తీసుకుపోతారు. పని అయిపోయినట్టే."

నసీమున్నీసా ధ్రువపత్రం పైకి చదివింది. ఆమెది చిలకలూరిపేటే, జిన్నింగు మిల్లు కూలీ కూతురు. ఆమెకి నాలుగు ఊళ్ళు అప్పజెప్పారు. "'ప్రతి ఇంటికి మూడు వేర్వేరు రోజులలో స్వయంగా వెళ్ళితినని ధ్రువపరచుచున్నాను.' సార్, ఇదెట్టా పెడతాం?"

"ఎందుకు పెట్టవు? తేదీలు నువ్వేగా వేసింది."

"మీరు వెయ్యమంటే వేశాం."

"నేను వెయ్యమన్నట్టు కాయితం ఉందా?"

లేదు. కోటిలింగం టీ తాగడానికి కిందికి దిగాడు. తలుపు వేసి పదకొండుమందీ కట్టలు విప్పారు. ఒక్కో ఊళ్ళో 'లేరు' ఎన్నో చూసుకున్నారు. నసీమున్నీసా నాలుగు ఊళ్ళలో అయిదువందల ముప్పై ఒకటి. మిగతావాళ్ళవీ అంతే.

"మూడుసార్లూ ఒక్కరోజే పోయింది ఎవరెవరు?" అని జయకుమారి అడిగింది.

అందరూ చేతులెత్తారు.

"మా ఊళ్ళో ఒకాయన చచ్చిపోయాడు. తాగి చచ్చాడంటున్నారు. నెల్లాళ్ళ ముందే ఆయన జబ్బు మనం రాసుంటే అనలేకపోయేవాళ్ళు. సోమవారం ఈ కట్ట పోతే, ఇంక చచ్చేవాళ్ళందరూ తాగినవాళ్ళే అవుతారు."

"అయితే ఏం చేద్దామంటావు?" అన్నాడు మాబు. అందరికంటే పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "తప్పు రాశామని మనమే రాసిస్తే మొదట మునిగేది మనం. డాక్టరుగారికేం కాదు, కోటిలింగానికేం కాదు."

"సంతకం పెడితే మునగమా?"

"పెడితే జీతం వస్తది. నాకీ ఉద్యోగం తప్ప ఇంకోటి లేదు జయా. నీకు పెళ్ళి చేసి పంపిస్తారు. నన్నెవరు పంపిస్తారు?"

"అదేం మాటయ్యా?" అంది నసీమున్నీసా. "మా నాన్న దూది పీల్చి పీల్చి దగ్గుతున్నాడు. ఆయన్నెవరన్నా లెక్క రాశారా? మనం కూలీల పిల్లలం. ఆ మాట మర్చిపోయి, సంచీ తగిలించుకోగానే ఆఫీసర్లమనుకున్నాం."

"మన దగ్గర ఖాళీ ఫారాలున్నాయి," అంది జయకుమారి. "రేపూ ఎల్లుండీ బోడపాలెం చేలోకి పోదాం. లేరని రాసినవాళ్ళని ఉన్నచోటే అడుగుదాం. సోమవారం అవి డాక్టరుగారి ముందు పెడదాం. తీసుకుంటే సంతకం, లేకపోతే లేదు."

వాదన గంటన్నర సాగింది. తొమ్మిదిమంది వస్తామన్నారు. మాబు, ఇంకొకరు రామన్నారు.

శనివారం పొద్దున ఆరున్నరకి తొమ్మిదిమందీ వెంకటనారాయణ చేలో దిగారు. ముఠా వాళ్ళు బోరు దగ్గర డ్రమ్ములో మందు కలుపుతున్నారు. కర్రతో కాదు, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతారు. జయకుమారిని చూసి ఇద్దరు మొహం తిప్పుకున్నారు.

"మళ్ళీ వచ్చావా? ఇప్పుడేం రాస్తావు, ఉన్నారనా?" అన్నాడు బుడే. పాతికేళ్ళవాడు, ముఠాలో నోరు ఎక్కువ.

"ఉన్నచోటికే వచ్చా. చెబితే రాస్తా."

"చెబితే మా పని పోద్ది."

"చెప్పకపోతే యేసుపాదం బాబాయ్ పోయినట్టు పోతావు."

"ఒసే, శాపనార్థాలు పెడతావేందే!"

"నువ్వు నోరు మూయరా," అన్నాడు నాగూర్ వలి. డ్రమ్ములోంచి చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. "ముందు నాది రాయమ్మాయ్. కళ్ళు మసక, ఉంది. వాంతి, ఉంది. చెయ్యి చూడు, ఎట్టా వణుకుతుందో. ఇంకోటి కూడా రాయి. మూడు రకాల మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టమన్నది ఆసామి. కలిపింది నేను. యేసుపాదం ట్యాంకు నింపింది కూడా నేనే. అది రాయడానికి గడి ఉందా అందులో?"

"లేదు వలీ మామా."

"అయితే వెనక రాయి."

ఆమె ఫారం వెనక రాసింది. అతను వేలిముద్ర వేశాడు. తర్వాత బుడే వచ్చాడు.

మందు కొట్టేవాడు సాలు మధ్యలో ఆగడానికి లేదు. ఆగితే వెనకవాడు ఆగుతాడు. చేను గట్టు మీద గుమాస్తా ఉంటాడు. అందుకని కార్యకర్తలు సాళ్ళలోకి దిగి కూలీ పక్కనే నడుస్తూ అడిగారు. సాలు చివర తిరిగేటప్పుడు రాసుకున్నారు. పత్తి నడుము దాటి ఉంది. గాలి తిరిగినప్పుడల్లా మందు వాళ్ళ మీద కూడా పడింది. పదకొండింటికి గుమాస్తా వచ్చి చేలోంచి పొమ్మన్నాడు. పక్క చేలోకి వెళ్ళారు. అక్కడా పొమ్మంటే మళ్ళీ మొదటి చేలోకి వచ్చారు. పత్తి తీసే ఆడవాళ్ళు గుమాస్తాకి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళలో ఎలీసమ్మ కూడా ఉంది.

"పిల్లలు లెక్క రాసుకుంటున్నారు. నీకేం నొప్పి?" అందామె.

"నువ్వు మైలలో ఉండి పనికొచ్చావేందే?"

"నువ్వు పెడతావా తిండి?"

సాయంత్రం నాలుగింటికి నసీమున్నీసా గట్టు మీద కూలబడి వాంతి చేసుకుంది. తల దిమ్ముగా ఉందంది. జయకుమారి టార్చి వేసి ఆమె కళ్ళు చూసింది. పాప చిన్నదైంది. బోరు నీళ్ళతో ఒళ్ళు కడిగి, చీర మార్పించారు. ఒక ఫారం తీసి జయకుమారి ఆమె పేరు రాసింది. వృత్తి అన్నచోట సర్వే కార్యకర్త అని రాసింది. ఆదివారం నసీమున్నీసా మళ్ళీ వచ్చింది. ఆ రోజు చేలోకి దిగనివ్వలేదు, గట్టు మీద కూర్చోబెట్టి నంబర్లు సరిచూడమన్నారు.

ఆదివారం చీకటి పడేలోపు 'లేరు' అన్నవాళ్ళలో నూట నలభై తొమ్మిదిమంది ఫారాలు పూర్తయ్యాయి. పదమూడుమంది వేరే ఊళ్ళకి పనికి పోయారు. నూట నలభై తొమ్మిదిలో నూట పద్దెనిమిదిమందికి లక్షణాలున్నాయి. యేసుపాదం నంబరు 212 మిగిలింది.

"ఇది ఎట్టా నింపుతాం? మనిషి తన నోటితో చెప్పాలి," అంది జయకుమారి.

"మా నోళ్ళు లేవా?" అన్నాడు బుడే. "నా కళ్ళముందే మూడుసార్లు పడ్డాడు. లేపింది నేనే."

ముఠాలో మిగిలిన పద్నాలుగుమంది చుట్టూ కూర్చున్నారు. ఎవరు ఏరోజు ఏం చూశారో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఒకరు చెప్పింది ఇంకొకరు తప్పన్నారు. బుధవారం కాదు, శుక్రవారం, మిరప చేలో, అన్నారు. తేలినవే రాశారు. చెప్పినవారు అన్నచోట జయకుమారి ఇలా రాసింది: 'పక్క సాళ్ళలో పనిచేసినవారు.' కింద పద్నాలుగు వేలిముద్రలు పడ్డాయి.

నవంబరు 17, సోమవారం, పదింటికి డాక్టరుగారు జీపులో వచ్చారు. తొమ్మిదిమందీ కొత్త ఫారాలు బల్ల మీద పెట్టారు. మూడుసార్లూ ఒక్కరోజే తిరిగిన సంగతి రాసిచ్చారు. ఆయన రెండూ చదివారు.

"వీటిని నేను తీసుకోలేనమ్మా. సర్వేకి ఒక పద్ధతి ఉంటుంది. ఇంటి దగ్గర రాసినవీ చేలో రాసినవీ కలిపితే లెక్క చెల్లదు."

"ఇంటి దగ్గర రాసినవి అబద్ధమండి," అంది జయకుమారి.

"ఆ మాట పైకి వెళితే మీ ఏడు నెలల పని మొత్తం పోతుంది. సంస్థకి డబ్బిచ్చేది మందుల కంపెనీలు. ఇంకో సర్వే రానివ్వరు. ఉన్నదాన్ని పోనివ్వండి. వచ్చే ఏడు పద్ధతి మారుద్దాం."

"వచ్చే ఏడు దాకా వీళ్ళేం చెయ్యాలండి?" అంది నసీమున్నీసా.

డాక్టరుగారు కొత్త ఫారాలు పక్కకి తోశారు. కోటిలింగం పోలీసు స్టేషనుకి మనిషిని పంపాడు.

పదకొండింటికి బోడపాలెం కూలీలు వచ్చారు. ఆ రోజు ఎవరూ ట్యాంకు ఎత్తలేదు. సగంమంది మొదటి బస్సుకి, సగంమంది జిన్నింగు మిల్లుకి పత్తి తెస్తున్న లారీల మీద వచ్చారు. దాదాపు రెండువందలమంది. బ్రోకరు కొట్టు ముందు రోడ్డు నిండింది. ఎస్సై పదకొండూ నలభైకి వచ్చాడు. నంబర్లు వేసిన సంస్థ ఫారాలు నూట యాభై ఒకటి దొంగిలించారని కోటిలింగం ఫిర్యాదు. నంబర్లన్నీ ఫిర్యాదులో ఉన్నాయి.

కొట్టు వసారాలో బల్ల వేసి పంచనామా మొదలుపెట్టారు. రైటరు కానిస్టేబులు రాశాడు: 'ఫారాలు, కట్ట ఒకటి.'

"కట్ట అంటే ఎట్టాగండి?" అంది జయకుమారి. "ఏ నంబరులో ఏం రాసుందో రాయండి."

"నువ్వు చెప్పేదేంది నాకు?" అన్నాడు ఎస్సై.

సాక్షి సంతకానికి కింద కొట్టు బ్రోకరుని పిలిచారు. ఆయన కలం పట్టుకుని ఆగాడు. "కట్టలో ఏముందో చూడకుండా నేను పెట్టను సార్. తూకం వెయ్యకుండా పత్తి బోరెం మీద సంతకం పెట్టినవాణ్ణి కాదు. రేపు కోర్టులో ఖాళీవా రాసినవా అంటే నేనేం చెప్పను?"

ఎస్సై ఆయన్ని బతిమాలాడు, కసిరాడు. బ్రోకరు కదల్లేదు. ఇంకొక వ్యాపారిని పిలిపిస్తే ఆయన కూడా అదే మాటన్నాడు. పన్నెండున్నరకి ఒక కానిస్టేబులు ఫారాలు పైకి చదవడం, రైటరు రాయడం మొదలైంది. నంబరు, పేరు, వయసు. కళ్ళు మసక, ఉంది. వాంతి, ఉంది. చేతుల వణుకు, ఉంది. రోడ్డు మీద జనం వింటున్నారు.

"బుల్లయ్య, నలభై ఏళ్ళు."

"ముప్పై ఎనిమిదేనండీ," అని రోడ్డు మీంచి కేక. "మా అమ్మనడగండి."

"దానయ్య, తలనొప్పి ఉంది."

"వాంతి కూడా రాయండి సారూ, ఇందాక లారీలో కూడా అయింది."

"నోర్ముయ్యండి!" అన్నాడు ఎస్సై. జనం నవ్వారు. మళ్ళీ చెవులొగ్గారు. ఒక్కొక్కరి పేరు వచ్చినప్పుడు పక్కవాళ్ళు అతని వైపు చూశారు. తనకొక్కడికే అనుకున్నది అందరికీ ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది.

మూడున్నరకి నంబరు 212 వచ్చింది.

"చచ్చినోడు ఎట్టా చెప్పాడు?" అన్నాడు ఎస్సై.

"మేం చెప్పాం," అన్నాడు నాగూర్ వలి.

"ఇది రాయొద్దు."

రైటరు తలెత్తాడు. "ఫిర్యాదులో నంబరుంది సార్. వదిలేస్తే ఒకటి తగ్గుద్ది."

ఎస్సై ఫిర్యాదు కాయితం చూసి రాయమన్నాడు. రైటరు రాశాడు. చదివే కానిస్టేబులు పద్నాలుగు పేర్లూ చదివాడు. ఎలీసమ్మ మెట్టు మీద కూర్చుని వింది. ఏడవలేదు. "తాగాడని ఎక్కడన్నా ఉందా అందులో?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు రైటరు.

అయిదూ పదిహేనుకి ఇరవై మూడు పేజీలయ్యాయి. బ్రోకరు సంతకం పెట్టాడు. జయకుమారి, నసీమున్నీసా, నాగూర్ వలిలను అరెస్టు చేస్తున్నట్టు ఎస్సై చెప్పాడు. జీపు ముందు కూలీలు కూర్చున్నారు. మొదట ఆడవాళ్ళు కూర్చున్నారు. ఆరింటికి ఇంకో వ్యాను వచ్చింది. ఆరూ ఇరవై అయిదుకి లాఠీలు లేచాయి. ఏడుగురికి దెబ్బలు తగిలాయి. బుడే చెయ్యి విరిగింది. జీపు కదిలింది.

నవంబరు 18న ముగ్గురికీ రిమాండు విధించారు. ఇరవై మూడు పేజీల పంచనామా కోర్టుకి చేరింది. తొమ్మిదిమంది ఉద్యోగాలూ పోయాయి. 19న కట్టలు హైదరాబాదు వెళ్ళాయి. వాటి మీద కోటిలింగం, మాబు సంతకాలున్నాయి. బోడపాలెం ఎదురుగా సున్నా అని ఉంది. 20న బెయిలు దరఖాస్తు కొట్టేశారు. ఆ వారం బోడపాలెంలో మందు కొట్టడానికి వెంకటనారాయణ వేరే ఊరి కూలీలని లారీలో తెచ్చాడు. ఎలీసమ్మ, ఇంకో నలభైమంది ఆడవాళ్ళు డ్రమ్ముల చుట్టూ నిలబడ్డారు. లారీ వెనక్కి పోయింది. 22న ముఠాలో ఆరుగురు మళ్ళీ పనిలోకి వెళ్ళారు. మిగతావాళ్ళు వెళ్ళలేదు.

నవంబరు 24, సోమవారం. చిలకలూరిపేట సంగతి విన్నాక, అదే సర్వేలో పనిచేస్తున్న దర్శి వైపు కార్యకర్తలు పన్నెండుమంది ఫారాలు నింపడానికి కూలీల ఇళ్ళకి వెళ్ళలేదు. పొద్దున ఆరూ నలభైకి పత్తి చేలో దిగారు. మధ్యాహ్నం రెండింటికి వాళ్ళు నింపిన ఫారాలు అరవై నాలుగు.